హాలె నగరంలో తెలుగు దోవ

హాలుడు అనగానే తెలుగు చదువుకున్నవారికి గాథాసప్తశతి జ్ఞాపకం వస్తుంది. శాతవాహన ప్రభువు హాలుడు కూర్చినదని చెప్పే ఆ ప్రాకృత గాథలలో అత్త, పిల్ల, పొట్ట, పాడి వంటి మన మాటలు తొంగిచూస్తాయని, తెలుగు పలుకు గ్రంథస్థమైన తొలి ఆనవాళ్ళలో అవి చేరుతాయని ముప్పై నాలుగేళ్ళపాటు పిల్లలకు పాఠం చెప్పాను. హాలె అనే మరొక పేరు ఉన్నదనీ, అది జర్మనీ దేశంలో ఒక పట్టణమనీ, తెలుగు పుస్తకం మొట్టమొదట అచ్చులో వెలువడింది ఆ ఊళ్ళోనేననీ మాత్రం ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు గాని నాకు తెలియలేదు. హాలునికీ హాలెకూ శబ్దసామ్యమే తప్ప చుట్టరికం ఏమీ లేదు. అయినా భాషాపండితుల మనస్సుకు ఇటువంటి కాకతాళీయాలు కూడా తీపిగానే ఉంటాయి.

2023 సెప్టెంబరులో లైప్‌జిగ్ నగరంలో మా అమ్మాయి ఇంట నెల రోజులు ఉన్నాను. మోకాళ్ళ నొప్పుల వల్ల మా ఆవిడ ప్రయాణం మానుకొని ఇంటి దగ్గరే ఉండిపోయింది. "ప్రాగు చూస్తారా, డ్రెస్డెను చూస్తారా నాన్నా?" అని అమ్మాయి అడిగింది. హాలె చూపించమన్నాను. "అక్కడ చూడటానికి ఏముంది?" అని ఆశ్చర్యపోయింది. లైప్‌జిగ్ నుండి రైలులో నలభై నిమిషాలైనా పట్టని ఊరు అది. పక్కనే ఉన్నా పనిగట్టుకొని వెళ్ళి చూడాలని దానికి ఎప్పుడూ అనిపించలేదట. ఒక శనివారం ఉదయం అమ్మాయీ, తొమ్మిదేళ్ళ మనవరాలూ, నేనూ బయలుదేరాం.

హాలె ఉప్పు వల్ల ఎదిగిన ఊరు. జాలె నది ఒడ్డున నేలలోనుండి ఊరే ఉప్పునీటిని బావులలోంచి తోడి, పెద్ద పెద్ద పెనాలలో కాచి, మధ్యయుగాలలో ఇక్కడివారు ఉప్పు తీసి దూరదేశాలకు అమ్మారు. ఆ వృత్తివారిని హలోరెనులు అంటారు. ఊరి పేరుకు కూడా ఉప్పుతోనే సంబంధం చెబుతారు. పూర్వం ఆ ఉప్పుబావులు ఉండిన పల్లపు మైదానం హాల్‌మార్క్ట్ ఇప్పుడు ఒక ప్రశాంతమైన కూడలి. అక్కడినుండి మెట్లెక్కి పైకి వస్తే ప్రధాన విపణివీథి. అక్కడ అయిదు గోపురాలు ఒక్క చోట ఆకాశంలోకి లేచి కనిపిస్తాయి. నాలుగు గోపురాలు విపణి దేవాలయానివి. అయిదవది విడిగా నిలిచిన ఎర్ర బురుజు. 1418లో మొదలుపెట్టి 1506లో ముగించారట దానిని. 84 మీటర్ల ఎత్తు.

విపణి మధ్యలో సంగీతకర్త హాండెల్ విగ్రహం ఉంది. 1685లో ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. విగ్రహాన్ని 1859లో నిలిపారు. మనవరాలు వాళ్ళ బడిలో హాండెల్ పాట ఒకటి నేర్చుకున్నదట, విగ్రహం చుట్టూ తిరుగుతూ కూనిరాగం తీసింది. నేను మాత్రం దేవాలయం వైపు చూస్తూ ఉండిపోయాను. నా యాత్రకు మొదటి మెట్టు అదే.

ఆ దేవాలయంలో మార్టిన్ లూథర్ ముఖానికి అచ్చు పోసిన మైనపు ప్రతిమ భద్రపరచి ఉన్నది. లూథర్ 1546 ఫిబ్రవరి 18న ఐస్లెబెను పట్టణంలో మరణించాడు. భౌతికకాయాన్ని విట్టెన్‌బెర్గుకు తీసుకువెళుతూ దారిలో ఈ దేవాలయంలో నిలిపారు. నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ మతవివాదాలతో నాకు పని లేదు. కాని లూథర్ భాష విషయంలో చేసిన పని ఏ భాషవాడైనా తెలుసుకోదగ్గది. బైబిలును జర్మనులోకి మార్చేటప్పుడు, లాటిను అక్షరాలను అడిగి జర్మను మాట్లాడరాదనీ, ఇంట్లో తల్లినీ, వీథిలో పిల్లవాణ్ణీ, సంతలో సామాన్యుణ్ణీ అడగాలనీ, వాళ్ళ నోళ్ళు ఎలా కదులుతున్నాయో చూచి అలా వ్రాయాలనీ ఆయన వాదించాడు. దేవుని మాటయినా సరే జనం నోటి మాటలో ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలే రెండు వందల ఏళ్ళ తరువాత తెలుగు దాకా వచ్చింది. లూథర్ శవపేటిక హాలెలో ఆగింది 1546లో. హాలెలో తెలుగు అచ్చుకెక్కింది 1746లో. సరిగ్గా రెండు వందల సంవత్సరాలు.

విపణి నుండి దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే ఫ్రాంకే విద్యాసంస్థల ప్రాంగణం వస్తుంది. ముందర ఎత్తయిన వంతెన రోడ్డు ఒకటి, సామ్యవాద ప్రభుత్వ కాలంలో కట్టినది, కార్ల రొదతో దృష్టికి అడ్డం పడుతుంది. దానిని దాటితే పాత అనాథాశ్రమ భవనం. నొసటిభాగాన సూర్యుని వైపు ఎగిరే రెండు గ్రద్దల శిల్పం ఉంది.

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే ఆనాడు హాలె పొలిమేరలోని గ్లౌఖా అనే పేదపేటలో మతగురువు. 1694లో నెలకొన్న హాలె విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కూడా. 1695లో దానధర్మాల పెట్టెలో ఎవరో వేసిన 4 టాలర్ల 16 గ్రోషెనులు చూచి, "ఈ సొమ్ముతో ఒక పేదపిల్లల బడి పెట్టవచ్చు" అనుకున్నాడట. ఆ చిన్న బడి పెరిగి, 1698లో అనాథాశ్రమ భవనానికి శంకుస్థాపన దాకా వచ్చింది. 1727లో ఫ్రాంకే మరణించేనాటికి రెండు వేలకు పైగా పిల్లలు అక్కడ చదువుతున్నారు. ఖర్చుకు మందుల అంగడి, పుస్తకాల అంగడి, అచ్చుకూటం పెట్టి స్వయంగా సంపాదించుకునేవారు. 1710లో బైబిళ్ళు చవకగా అచ్చువేయడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. ఒకసారి కూర్చిన అచ్చుపుటలను విప్పివేయకుండా అలాగే నిలిపి ఉంచి, కావలసినప్పుడల్లా మళ్ళీ అచ్చువేసేవారట. పుస్తకం బీదవాని చేతికి వెళ్ళాలంటే ధర తగ్గాలి గదా.

ఈ ఊరికీ మనకూ ముడి పడింది డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ వల్ల. తమిళతీరంలోని తరంగంబాడి 1620 నుండి 1845 వరకు డేనుల రేవు. అక్కడికి మతప్రచారకులను పంపాలని రాజు సంకల్పించినప్పుడు దొరికినవారు హాలెలో చదువుకున్న ఇద్దరు యువకులు, ౙీగెన్‌బాల్గ్, ప్లూచౌ. 1706 జూలై 9న వాళ్ళు తరంగంబాడిలో దిగారు. ౙీగెన్‌బాల్గ్ తమిళం నేర్చి, హాలెలో పోత పోయించిన తమిళ అచ్చులతో మొదలుపెట్టి, తరంగంబాడిలోనే అచ్చుకూటం నెలకొల్పాడు. 1719లో ఆయన అక్కడే మరణించాడు. అదే ఏడాది హాలె నుండి వచ్చి చేరినవాడు బెంజమిన్ షుల్జ్. 1689లో పుట్టిన ఈయనే మన కథానాయకుడు.

షుల్జ్‌కు తోటి ప్రచారకులతో పొత్తు కుదరలేదు. 1726లో మద్రాసుకు వచ్చేశాడు. మద్రాసు అప్పటికి ఇంగ్లీషు కంపెనీవారి కోటపట్నం. కాని ఆ పట్నం పునాదిలో తెలుగు ఉన్నది. 1639లో కంపెనీకి ఆ నేలను ఇచ్చినవారు దామెర్ల నాయకులు. చెన్నపట్నం అన్న పేరు వారి తండ్రి చెన్నప్పనాయకుని పేరే. వీథులలో, అంగళ్ళలో తెలుగు మారుమ్రోగుతూ ఉండేది. తమిళం నేర్చిన షుల్జ్ ఇక్కడ తెలుగు నేర్వక తప్పలేదు. రెండేళ్ళలో, 1728లో, లాటిను భాషలో తెలుగు వ్యాకరణం వ్రాశాడు. కొత్త నిబంధననూ, తరువాత 1732 నాటికి పాత నిబంధననూ తెలుగులోకి మార్చాడు. ఆ అనువాదాలు అచ్చుకాలేదు. వ్యాకరణం కూడా వ్రాతప్రతిగానే హాలెలో ఉండిపోయింది. అది అచ్చులో వచ్చింది 1984లో, హాలె విశ్వవిద్యాలయం వారి పూనికతో. అంటే 256 ఏళ్ళ తరువాత. అప్పటికి హాలె తూర్పు జర్మనీలో సామ్యవాద ప్రభుత్వం కింద ఉన్న ఊరు. ఒక మతప్రచారకుని వ్యాకరణాన్ని మతంతో పనిలేని రాజ్యంలో విద్వాంసులు వెలికితీసి అచ్చువేశారు. చదువుకున్న సజ్జనుల దారి అలా ఉంటుంది.

1743లో షుల్జ్ భారతదేశం విడిచి వెళ్ళి హాలెలో స్థిరపడ్డాడు. 1746, 1747 సంవత్సరాలలో ఇక్కడి నుండి చిన్న చిన్న తెలుగు పుస్తకాలు వరుసగా అచ్చువేయించాడు. వాటిలో "మోక్షానికి కొంచుపొయ్యే దోవ" ఒకటి, "నూరు జ్ఞాన వచనాలు" ఒకటి. తెలుగు అచ్చు చరిత్రకు ఇవే తొలిపుటలు. శ్రీరాంపురంలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. మద్రాసులో కాంబెల్ వ్యాకరణం, అందులో తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించిన ఎల్లిస్ దొర ఉపోద్ఘాతం వచ్చింది 1816లో. బ్రౌను దొర పుట్టిందే 1798లో. హాలె అచ్చుకు వారందరూ అర్ధశతాబ్దికి పైగా వెనుకటివారు.

ఆ 1746 ఎటువంటి సంవత్సరమో ఒక్కసారి చూడండి. ఆ ఏటనే సెబాస్టియన్ బాఖ్ పెద్దకొడుకు ఫ్రీడెమన్ బాఖ్ హాలె విపణి దేవాలయంలో ఆర్గన్ వాద్యకారుడుగా చేరాడు. ఆ ఏడు సెప్టెంబరులోనే ఫ్రెంచివారు మద్రాసు కోటను పట్టుకున్నారు. షుల్జ్ తెలుగు నేర్చిన వీథులు ఫిరంగుల పొగలో ఉండగా, ఆ వీథుల మాట నాలుగు సముద్రాల అవతల సీసపు అక్షరమవుతున్నది. మన దేశంలో ఆ శతాబ్ది పూర్వార్ధంలోనే పిఠాపురం ప్రాంతాన కూచిమంచి తిమ్మకవి అచ్చతెనుగు రామాయణం వ్రాశాడు, సర్వలక్షణసారసంగ్రహం కూర్చాడు. ఒక్క సంస్కృతపు మాటయినా పడకుండా పద్యం నడిపించగల కవి ఒకవైపు, సంత తెలుగుతో వచనం కూర్చుకునే పరదేశి మరొకవైపు. తెలుగు ఇద్దరికీ లొంగింది.

అచ్చుపని ఎంత కష్టమో నాకు కొంత తెలుసు. మా బడి వార్షిక సంచికను ఊరి ప్రెస్సులో అచ్చువేయించేటప్పుడు ప్రూఫులు దిద్దడానికి వెళ్ళి కంపోజిటరు పక్కన గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు కేసులో అరలు కొద్ది, తెలుగు కేసులో అరలు కొల్లలు. ప్రతి హల్లుకూ తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఉన్నాయి. పైగా ప్రతి హల్లుకూ ఒత్తు. తెలుగు చదవగలిగిన మా ఊరి కంపోజిటరే "స్త్రీ" అన్న అక్షరం దగ్గర ఒక నిముషం ఆగేవాడు. తెలుగు మాట చెవినపడని ఊళ్ళో, తెలుగు తెలియని పనివారి చేత ఆ అక్షరాలు చెక్కించి, పోత పోయించి, వరుస తప్పకుండా కూర్పించడానికి షుల్జ్ ఎంత ఓర్చుకొని ఉండాలి! తప్పు పడితే చూచి చెప్పేందుకు ఆ ఊళ్ళో మరొక తెలుగువాడు లేడు.

ఇక ఆ శీర్షిక సంగతి. "మోక్షానికి కొంచుపొయ్యే దోవ." మొదటిసారి ఈ పేరు చూచినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ మాట దాచను. భాషాప్రవీణ చదివి, బాలవ్యాకరణ సూత్రాలు కంఠస్థం చేసి, పండిత శిక్షణ పొందినవాణ్ణి. నా విద్యార్థి ఎవడైనా ఇలా వ్రాసి ఉంటే మూడు మాటలకూ ఎర్రసిరాతో గీత గీసి ఉండేవాణ్ణి. "మోక్షానికి" కాదు, "మోక్షమునకు" అనాలి. "పొయ్యే" గ్రామ్యం, "పోవు" అనాలి. "దోవ" కాదు, "త్రోవ" అనాలి. మొదట్లో పాఠ్యగ్రంథాల భాషే నా భాష. తరువాత శిష్టవ్యావహారికానికి వచ్చాను గాని, ఎర్రసిరా అలవాటు మాత్రం పోలేదు.

కాని హాలెకు వెళ్ళే ముందు రాత్రి ఆ ముఖపత్రం ఛాయాప్రతిని కంప్యూటరులో చూస్తూ ఒక్కొక్క మాటనే తూచి చూచాను. "కొంచు" అంటే "కొనుచు". ఇది కావ్యాలలో ఉన్న రూపమే, నా ఎర్రసిరాకు అందదు. "పొయ్యే" అన్నది దీర్ఘం పోయి హల్లు ద్విత్వమైన రూపం, నోటిలో మాట ఎలా మెత్తబడుతుందో చూపే రూపం. ఇక "దోవ." త్రోవలోని రేఫ జారి "తోవ" అయింది, తకారం సరళమై "దోవ" అయింది. నెల్లూరు, చిత్తూరు, రాయలసీమ ప్రాంతాలలో నేటికీ జనం అనేది ఇదే. అంటే 1720లలో మద్రాసు వీథిలో ఒకానొక తెలుగువాడు "దోవ" అన్నాడు. వినేవాడు ఆ మాటను దిద్దలేదు, విన్నది విన్నట్లు వ్రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళకు అది సీసంలోకి దిగింది. దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి ఒక తెలుగు నోరు ఎలా పలికిందో మనకు తెలిపే సాక్ష్యం అది. ఆ నాటి పండితుడెవరైనా పక్కన కూర్చొని దిద్ది ఉంటే, త్రోవ మిగిలేది, సాక్ష్యం పోయేది.

మన పండితులు దిద్దిన గ్రంథాలలో జనం పలుకు నిలవలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో అచ్చు విస్తరించిన కొద్దీ వచనం కూడా కావ్యభాషలోకే మళ్ళింది. జనం మాట్లాడే తెలుగు వ్రాతకు తగినదేనని నిరూపించడానికి గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితమంతా పోరాడవలసి వచ్చింది. తొలి అచ్చుపుటలోనే ఉన్న మాటను మళ్ళీ అచ్చుకు ఎక్కించడానికి మనం అంత కష్టపడ్డాం. షుల్జ్ వ్యావహారికవాది అని నేను అనటం లేదు. ఆయన ప్రయోజనం వేరు, మతం మార్చడం. అందులో నాకు సమ్మతి లేదు. మన దేవుళ్ళను గురించి ఆయన పట్ల నాకు తగవే ఉంది. అయినా సంతలో మనిషికి అర్థం కావాలనే లూథర్ పాఠం ఆయన మరచిపోలేదు. మనవారికి అంతకంటె దగ్గరి పాఠాలు ఉండి కూడా మరచిపోయాం.

ఇంకొక సంగతి ఉంది. 1750లో షుల్జ్ మద్రాసు పట్నపు జనజీవితం మీద సంభాషణల రూపంలో ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని హాలెలో అచ్చువేయించాడు. మూలం ఆ పట్నవాసుల సహజభాషలో ఉన్నదని, ఆ భాష పేరు "వరుగ" అని, "జెంటూ" అని పేర్కొన్నాడు. జెంటూ సంగతి మనకు తెలిసినదే, తెలుగువారికి ఐరోపావారు పెట్టిన పేరు. "వరుగ" అంటే తమిళుల "వడుగ." వడ అంటే ఉత్తరం, ఉత్తరదిక్కువారి భాష వడుగు. డకారం పరదేశి చెవిలో రేఫ అయింది. తరంగంబాడిలో తమిళుల నోట విన్న పేరునే ఆయన పెట్టుకున్నాడన్నమాట. ఒక్క హల్లులో ఆయన ప్రయాణమంతా కనిపిస్తుంది.

ప్రాంగణంలో అనాథాశ్రమ భవనం వెనుక పొడవాటి ముంగిలి, దానికి ఇరువైపులా కొయ్యదూలాల చట్రాలతో కట్టిన భవంతులు ఉన్నాయి. ఒక్క భవంతి ఆరు అంతస్తులతో, నూరు మీటర్లకు పైగా సాగిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత 1946లో ఈ సంస్థ స్వతంత్ర ప్రతిపత్తి కోల్పోయింది. దశాబ్దాలపాటు ఈ కట్టడాలు శిథిలమవుతూ వచ్చాయట. దేశం ఏకమైన తరువాత 1992లో సంస్థను పునఃప్రతిష్ఠించి, భవనాలను ఒక్కొక్కటే బాగుచేశారు. ఇప్పుడు మళ్ళీ ఇక్కడ బడులు నడుస్తున్నాయి. ఆ రోజు సెలవు కావడం వల్ల పిల్లల గోల లేదు. బడి అనగానే నా చెవులు ఆ గోలకోసం వెతికాయి.

అనాథాశ్రమం పై అంతస్తులో, ఇంటికప్పు కింద, ఫ్రాంకే కాలంనాటి వింతవస్తువుల మందిరం ఉంది. 1730ల చివర గ్రుండ్లర్ అనే చిత్రకారుడు అలంకరించి సర్దిన పదహారు బీరువాలు ఇప్పటికీ ఆ వరుసలోనే నిలిచి ఉన్నాయి. కప్పునుండి ఒక మొసలి వ్రేలాడుతుంటుంది. మనవరాలికి ఊరంతటిలోకీ నచ్చింది ఆ మొసలే. గవ్వలు, రాళ్ళు, గ్రహగోళాల నమూనాలతో పాటు, మన దేశంనుండి ప్రచారకులు పంపిన వస్తువులూ ఒక బీరువాలో ఉన్నాయి. అనాథపిల్లలకు ప్రపంచాన్ని చూపించడానికి కూర్చిన ప్రదర్శన అది. పాఠం చెప్పేవాడికి చేతిలో ఒక వస్తువు ఉంటే ఎంత బలమో నాకు తెలుసు. అందుకని ఆ బీరువాల ముందు ఎక్కువసేపే నిలబడ్డాను.

అక్కడి గ్రంథాలయ భవనం 1728 నాటిది. నాటకరంగం మీద తెరలు ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టినట్లుగా పుస్తకాల అలమరలు ఇరువైపులా బారులు తీరి ఉంటాయి. ఏబది వేల సంపుటాలు. తమిళ, తెలుగు తాళపత్ర ప్రతులు కూడా ఈ సంస్థ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులకు గాని అవి చేతికి ఇవ్వరు. గుమ్మంలో నిలబడి చూచి, నమస్కరించి వచ్చాను. 1728, షుల్జ్ మద్రాసులో తెలుగు వ్యాకరణం ముగించిన ఏడు కూడా అదే.

బయట ముంగిట్లో బల్ల మీద కూర్చున్నాం. మా మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఏడాదికేడాదీ అక్షరాలు నేర్పుదామని కూర్చోబెట్టడం, అది పారిపోవడం, నేను కోప్పడటం జరుగుతూనే ఉన్నాయి. ఫోనులో ఆ ముఖపత్రం తెరిచి చూపించాను. "ఇది ఇక్కడే అచ్చువేశారు, ఈ ఊళ్ళోనే" అన్నాను. నమ్మలేదు. "ఇక్కడ తెలుగు ఎవరికి వస్తుంది తాతయ్యా?" అంది. ఒక్కరికి వచ్చేదని చెప్పి, మెల్లగా చదివి వినిపించాను. చివరి మాట దగ్గర దాని ముఖం విప్పారింది. "దోవ! అమ్మమ్మ మాట! చీకట్లో దోవ చూచుకొని నడువు అంటుంది గదా!"

అవును, అది వాళ్ళ అమ్మమ్మ మాటే. మా ఆవిడది శ్రీకాళహస్తి ప్రాంతం. పెళ్ళయిన కొత్తలో ఆమె "దోవ" అన్నప్పుడల్లా నేను "త్రోవ" అనో, "దారి" అనో దిద్దేవాణ్ణి. బడిలో దిద్దినట్లే ఇంట్లోనూ. కొన్నాళ్ళకు ఆమె నా ఎదుట ఆ మాట అనడం మానేసింది. పిల్లలతో, మనవరాలితో మాత్రం అంటూనే ఉన్నది. ఆ సంగతి నేను గమనించనే లేదు. నా దిద్దుబాటుకు అందకుండా వెళ్ళి తొమ్మిదేళ్ళ పిల్ల నోట నిలిచిన ఆ మాట ఆ ముంగిట్లో మళ్ళీ నా చెవిన పడింది.

షుల్జ్‌కు తెలుగు నేర్పిన మద్రాసు మనుషులను తలచుకున్నాను. ఆయన పేరు చరిత్రకెక్కింది. ఆయనకు పదం పదం చెప్పి, ఉచ్చారణ దిద్ది, అర్థం కానప్పుడు చేతులతో చూపించినవారు ఉండే ఉంటారు. అచ్చయిన తెలుగు వ్యాకరణం ఒక్కటీ లేని రోజులు, గురువు లేక భాష రాదు. వాళ్ళు "దోవ" అని చెప్పారు. తమ మాట తక్కువదని సిగ్గుపడి "త్రోవ" అని చెప్పలేదు. ఆ శీర్షికకు సగం కర్తలు వాళ్ళే.

మనవరాలు ఫోను నా చేతిలోంచి తీసుకొని ఆ మాట మీద వేలు పెట్టింది. "ఇందులో దో ఏది, వ ఏది?" అని అడిగింది. చూపించాను. చేతిసంచిలో ఉన్న కాగితం మీద రెండక్షరాలూ వ్రాసుకున్నది. దకారానికి ఓత్వం వంకరపోయింది. నా చెయ్యి జేబులో కలం మీదికి వెళ్ళింది. దిద్దలేదు. రైలులో మరో నాలుగుసార్లు వ్రాసింది. నాలుగోసారికి ఓత్వం దానంతట అదే కుదిరింది.

సాయంత్రం లైప్‌జిగ్ చేరిన తరువాత మా ఆవిడకు ఫోను చేసి, నీ మాట 1746లో జర్మనీలో అచ్చయిందని చెప్పాను. కాస్సేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే ఇక నన్ను దిద్దరు గదా" అన్నది. దిద్దనన్నాను.

ఐరోపా నగరాలకు వెళ్ళే మనవారు కోటలు, రాజభవనాలు చూచి వస్తారు, చూడవలసినవే అవి. బెర్లిను వైపో లైప్‌జిగు వైపో వెళ్ళేవారు ఒక్క పూట హాలెకు కేటాయించవలసిందని మనవి. ఉప్పు తిన్న చోటు మరువరాదని మన పెద్దలు చెప్పారు. ఉప్పు కాచి బ్రతికిన ఆ ఊరికి మన అక్షరం కొంత ఋణపడి ఉన్నది. అంతకంటె పెద్ద ఋణం, పేరు తెలియకుండా పోయిన ఆ మద్రాసు తెలుగువారికి, ఇళ్ళలో వాళ్ళ మాటను నేటికీ పలుకుతున్న మన ఆడవారికి. ఆ రెండవ ఋణం తీర్చుకోవడానికి ప్రయాణం చేయనక్కరలేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు చెవి ఒగ్గి వింటే చాలు.